తీరప్రాంత చిత్తడి నేలలపై ఉపగ్రహ పరిశీలన: చిత్రం చూపేదెంత, హద్దు తేల్చేదెవరు?

హైదరాబాద్, తార్నాక: తార్నాక చౌరస్తా నుంచి అతి సమీపంలోని సముద్ర తీరానికి చేరాలన్నా 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి ఉంటుంది. 2014 జూన్ 2న ఉమ్మడి రాష్ట్రం విడిపోయిన తరువాత హైదరాబాద్ రాజధానిగా ఉన్న తెలంగాణకు తీరరేఖయే లేదు. అయినప్పటికీ కొల్లేరులో నీరు ఎంత మేర నిలిచినదీ, కోరింగ మడ అడవి ఎటు విస్తరించినదీ, ఉప్పాడ వద్ద సముద్రం ఎంత ముందుకు వచ్చినదీ తెలిపే ఉపగ్రహ చిత్రాలలో అధిక భాగం ఈ నగరం మీదుగానే దేశానికి అందుతున్నది. తీరానికి దూరంగా ఉన్న నగరంలో తీరాన్ని చదివే విద్య వేళ్లూనుకొనడం విశేషమే. అయితే ఆ చదువు ఎక్కడి వరకు చెల్లుతుంది, ఎక్కడ ఆగుతుంది అనే ప్రశ్న నేడు న్యాయస్థానాల ముందు, జిల్లా కలెక్టర్ల ముందు, పత్రికల ముందు ఉన్నది.

సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 11న ఇచ్చిన ఉత్తర్వు ఈ ప్రశ్నకు అత్యవసర స్వభావాన్ని కల్పించింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గుర్తించిన ప్రతి చిత్తడి నేలను క్షేత్రస్థాయిలో నిర్ధారించి, హద్దులు నిర్ణయించే ప్రక్రియను 3 నెలల్లో పూర్తి చేయాలని న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించింది. దేశంలో 2.25 హెక్టార్లకు మించిన విస్తీర్ణం గల చిత్తడి నేలలు 2011 అట్లాసు ప్రకారం 2,01,503 కాగా, 2021 అట్లాసు ప్రకారం 2,31,195. ఆకాశం నుంచి లెక్కించిన జాబితా న్యాయపరమైన రక్షణకు ఆధారమైనది. కానీ ఆ జాబితాలోని ఒక గుర్తు నేల మీద ఏ సర్వే నంబరులో మొదలై ఏ సర్వే నంబరులో ముగుస్తుందో చెప్పవలసిన బాధ్యత ఉపగ్రహానిది కాదు, పరిపాలనది.

హైదరాబాద్‌లో నిలదొక్కుకొన్న విజ్ఞానం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి తార్నాక, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వరకు సాగే కొద్ది కిలోమీటర్ల దారి దేశంలోనే అరుదైన విజ్ఞాన వీధి. 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రం, భూగర్భ శాస్త్రం, భూభౌతిక శాస్త్రం బోధిస్తున్నారు. ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నవి. హబ్సిగూడ దాటగానే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన జాతీయ స్థాయి శిక్షణ సంస్థ ఉన్నవి. భూమిని పైనుంచి చూసే విద్యకు, భూమిని గొలుసు పట్టి కొలిచే విద్యకు, భూమి లోపలి పొరలను పరీక్షించే విద్యకు ఒకే దారిలో చోటు దొరికింది.

నగరానికి మరో దిశలో బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీగా ఆరంభమైన ఈ సంస్థ 2008 సెప్టెంబరు 1 నుంచి భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో భాగమైనది. ఉపగ్రహాలు పంపే సంకేతాలను షాద్‌నగర్‌లోని కేంద్రం అందుకొంటుంది. సముద్ర సమాచారాన్ని మత్స్యకారులకు, తీర జిల్లాల యంత్రాంగానికి అందించే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం 1999లో ఈ నగరంలోనే ఏర్పడినది. చిత్తడి నేలల జాతీయ అట్లాసును మాత్రం అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం రూపొందించింది. 2011 అట్లాసు ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చిత్తడి నేలల విస్తీర్ణం సుమారు 14.47 లక్షల హెక్టార్లు.

ఉపగ్రహం ఏమి చూస్తుంది?

నీరు, మన్ను, పైరు సూర్యకాంతిని ఒక్కో రీతిలో తిప్పి పంపుతాయి. కంటికి కనిపించని సమీప పరారుణ కిరణాలను నీరు దాదాపు పూర్తిగా పీల్చుకొంటుంది. పచ్చని ఆకు వాటిని బలంగా వెనుకకు పంపుతుంది. ఈ తేడా ఆధారంగా తయారైన చిత్రంలో నిర్మలమైన నీరు నల్లగా, దట్టమైన వృక్షజాలం ఎర్రగా కనిపిస్తాయి. మడ అడవి ముదురు ఎరుపుగా, చేపల చెరువులు గట్లతో విభజించిన నల్లని గళ్లుగా, ఉప్పు మడులు తెల్లని చతురస్రాలుగా తేలతాయి.

చిత్రం ఎంత సూక్ష్మంగా ఉన్నదనేది రెండవ విషయం. 1995లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1సి, 1997లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1డి ఉపగ్రహాలలోని లిస్-3 సాధనం నేల మీద 23.5 మీటర్ల గడిని ఒక చుక్కగా చూపేది. అంటే సుమారు 13 సెంట్ల నేలకు ఒకే ఒక్క చుక్క. ఆ 13 సెంట్లలో సగం గట్టు, సగం నీరు ఉంటే చుక్క రెండింటి మిశ్రమంగా వస్తుంది. 2003లో వెళ్లిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-4 సాధనంతో గడి 5.8 మీటర్లకు, అంటే ఒక సెంటు కంటే తక్కువకు తగ్గింది. 2005 నాటి కార్టోశాట్-1తో అది 2.5 మీటర్లకు దిగింది.

మూడవది కాలం. తీర జిల్లాల్లో చిత్తడి నేల నిండుగా ఉండేది వర్షాకాలంలోనే. ఆకాశం మబ్బుతో కప్పబడేదీ అప్పుడే. కాంతి మీద ఆధారపడే సాధనాలకు ఆ నెలల్లో తీరం కనిపించదు. ఈ లోటును రాడార్ ఉపగ్రహాలు తీరుస్తున్నవి. 2012 నాటి రిశాట్-1, 2022 ఫిబ్రవరి 14న వెళ్లిన ఇ.ఓ.ఎస్.-04 స్వయంగా సంకేతాన్ని పంపి దాని ప్రతిధ్వనిని నమోదు చేసే తరగతికి చెందినవి. వీటికి రాత్రి, మబ్బు అడ్డు కావు. నిశ్చలమైన నీరు అద్దంలా సంకేతాన్ని అవతలికి నెట్టివేయడంతో చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన భారత, అమెరికా సంయుక్త ఉపగ్రహం నైసార్ 12 రోజులకొకసారి అదే ప్రదేశాన్ని చూసే విధంగా రూపొందినది. దానిలోని దీర్ఘ తరంగాల రాడార్ ఆకులను దాటి లోపలికి వెళ్లగలదు. చెట్ల కింద నీరు నిలిచిన మడ అడవులను గుర్తించడానికి ఇది అనువైనది.

ఈ సాధనాలన్నీ నేల మీద ఏమి ఉన్నదో చెబుతాయి. ఆ నేల ఎవరిది, అది ఎప్పటి నుంచి అలా ఉన్నది, చట్టం దానిని ఏమని పిలుస్తుంది అనేవి చెప్పవు. ఈ తేడాను విస్మరించినప్పుడు ఏమవుతుందో కొల్లేరు చరిత్ర తెలియజేస్తుంది.

కొల్లేరు: నీరు కనిపించని సరస్సు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన పల్లంలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తదితర వాగులు, డెల్టా మురుగు కాలువలు దీనిలో కలుస్తాయి. అదనపు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది. 1970వ దశకం మధ్యలో ప్రభుత్వమే మత్స్యకారుల, పేదల సహకార సంఘాలకు చేపల చెరువులను ప్రోత్సహించింది. తరువాతి దశాబ్దాల్లో ఆ చెరువుల వెంట పెట్టుబడి గలవారి చెరువులు సరస్సు నడిమి వరకు పాకినవి. 1999 అక్టోబరు 4న జారీ అయిన ఉత్తర్వు ద్వారా +5 అడుగుల కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యమైనది. 2002లో కొల్లేరు రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైనది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001 ఫిబ్రవరి నాటి ఐ.ఆర్.ఎస్.-1డి చిత్రాన్ని విశ్లేషించి 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మైలురాయి. 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో సుమారు 42 శాతం చేపల చెరువుల కిందికి, మరో 8.5 శాతం వ్యవసాయం కిందికి వెళ్లినట్లు వారు లెక్కించారు. సరస్సు లోపల 1,050 చేపల చెరువులు, ఎండిపోయిన మరో 38 చెరువులు కలిసి సుమారు 103 చదరపు కిలోమీటర్లను ఆక్రమించినవి. అన్నిటికంటే కలవరపరచిన అంశం, ఆ చిత్రంలో ఎక్కడా నిర్మలమైన సరస్సు నీరు కనిపించకపోవడం. మిగిలిన భాగాన్ని గుర్రపు డెక్క, కిక్కిస వంటి కలుపు కప్పివేసింది.

ఫిబ్రవరి చిత్రాన్ని చదవడంలో ఒక చిక్కు ఉన్నది. అది డెల్టాలో దాళ్వా వరి పెరిగే కాలం. నీటి మీద పరచుకొన్న గుర్రపు డెక్క, గట్టు లోపల పెరిగిన వరి, రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. వరి మడికి సరళరేఖల గట్టు ఉంటుంది, కలుపుకు ఉండదు. అనుభవజ్ఞుడైన పరిశీలకుడు ఆకారాన్ని, ఉన్న చోటును, వేర్వేరు నెలల చిత్రాలను పోల్చి తేడా చెబుతాడు. అయినప్పటికీ తుది నిర్ణయానికి పడవ మీద వెళ్లి చూడక తప్పదు. రిమోట్ సెన్సింగ్ పరిభాషలో క్షేత్ర నిర్ధారణ అనే మాటకు అర్థం ఇదే.

కేంద్ర సాధికార కమిటీ నివేదికను అనుసరించి 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నేపథ్యంలో, ఆ ఏడాది సాగిన ఆపరేషన్ కొల్లేరులో వేలాది ఎకరాల చెరువుల గట్లను తొలగించారు. గట్టు తెగినదీ లేనిదీ తరువాతి చిత్రాల్లో స్పష్టంగా చూడవచ్చును. కొన్నేళ్ల అనంతరం గట్లు మళ్లీ లేచిన చోట్లు కూడా చిత్రాలకు చిక్కినవి. చెరువు కొత్తగా తవ్వినట్లు చెప్పడానికి ఉపగ్రహం చాలును. ఆ చెరువు తవ్వినది జిరాయితీ భూమిలోనా, ప్రభుత్వ భూమిలోనా, సంఘానికి ఇచ్చిన భూమిలోనా అనేది చెప్పడానికి రెవెన్యూ రికార్డు కావాలి.

రెండు అడుగుల తేడా

కొల్లేరు విస్తీర్ణం ఎంత అని అడిగితే పత్రికల్లో కనీసం నాలుగు జవాబులు కనిపిస్తాయి. +10 అడుగుల మట్టం వద్ద 901, +5 వద్ద 308, +3 వద్ద 135 చదరపు కిలోమీటర్లు అనే అంకెలు ప్రచారంలో ఉన్నవి. పైన పేర్కొన్న అధ్యయనం తీసుకొన్న ప్రాంతం 245 చదరపు కిలోమీటర్లు. రాంసర్ నమోదులోని 90,100 హెక్టార్లు మొదటి అంకెకు సమానం. ఇవన్నీ ఒకే సరస్సుకు వేర్వేరు నిర్వచనాలు. ఒక వార్తలో 901ని, మరో వార్తలో 135ని పోల్చి సరస్సు కుంచించుకు పోయినదని రాస్తే అది పొరపాటు.

2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ అభయారణ్య పరిధిని +5 నుంచి +3 అడుగుల కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పి.ఎ. అజీజ్ నేతృత్వంలో నియమించిన నిపుణుల కమిటీ ఈ తగ్గింపును సమర్థించలేదు. ఈ రెండు అడుగుల నడుమనే లంక గ్రామాల వారి జీవనాధారం, వలస పక్షుల ఆవాసం, వరద నీటికి ఉన్న చోటు ఇమిడి ఉన్నవి.

ఇక్కడ సాంకేతిక అంశమొకటి తరచుగా మరుగున పడుతున్నది. కాంటూరు అనేది సముద్ర మట్టం నుంచి ఎత్తును సూచించే గీత. +5 అడుగులు అంటే 1.52 మీటర్లు, +3 అంటే 0.91 మీటరు. రెంటి మధ్య తేడా 61 సెంటీమీటర్లు. కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి దేశవ్యాప్తంగా రూపొందించిన ఎత్తుల నమూనాలో నిలువు కొలతకు ఉన్న పొరపాటు పరిధి మీటర్లలో ఉంటుంది. పర్వత ప్రాంతానికి, జలాశయాల రూపకల్పనకు అది ఉపయుక్తమే. కొల్లేరు వంటి చదునైన పల్లంలో 61 సెంటీమీటర్లను వేరు చేయడానికి అది చాలదు. నేల కిలోమీటరుకు ఒక అడుగు చొప్పున ఎత్తయ్యే చోట, నిలువులో అర అడుగు పొరపాటు జరిగితే హద్దు అర కిలోమీటరు పక్కకు జరుగుతుంది. ఆ అర కిలోమీటరులో ఒక గ్రామం పొలాలన్నీ ఉండవచ్చును.

కనుక కాంటూరు వివాదాన్ని సాధారణ ఉపగ్రహ చిత్రం తీర్చజాలదు. దానికి నేల మీద మట్టపు పనిముట్టుతో చేసే లెవలింగ్ సర్వే గానీ, విమానం నుంచి లేజరు కిరణాలతో ఎత్తులు కొలిచే పద్ధతి గానీ అవసరం. ఉప్పల్‌లో సర్వేయర్లకు నేర్పే విద్య, బాలానగర్‌లో చిత్రాలను చదివే విద్య కలిసి పనిచేయవలసిన చోటు ఇదే.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ నగరాన్ని ముంచెత్తినప్పుడు ఈ అంశానికి ఉన్న ప్రాధాన్యం అందరికీ తెలిసివచ్చింది. బుడమేరు నీరు చేరవలసిన గమ్యం కొల్లేరు. సరస్సులో నీటికి చోటు ఎంత ఉన్నది, ఉప్పుటేరు ఎంత వేగంగా లాగగలదు అనే వాటి మీద ఎగువన ముంపు ఎన్ని రోజులు నిలుస్తుందనేది కొంతవరకు ఆధారపడి ఉంటుంది.

మడ అడవులు: అంకెల వెనుక పద్ధతి

గోదావరి ముఖద్వారం వద్ద 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ, కృష్ణా ముఖద్వారం వద్ద ఉన్న మడలు రాష్ట్ర తీరానికి రక్షణ కవచాలు. భారత అటవీ సర్వే నివేదికల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవుల విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 1999లో 397, 2001లో 333, 2003లో 329, 2017లో 404, 2021లో 405, 2023లో 421. ఈ వరుసను చూడగానే రెండు శీర్షికలు తడతాయి. ఒకటి, 2003 నాటికి మూడో వంతు మడ అంతరించినదని. రెండు, ఆ తరువాత మడ తిరిగి కోలుకొన్నదని. రెంటిలోనూ సత్యం కొంత ఉన్నది. అయితే అంకెల వెనుక పద్ధతి మారిన సంగతిని శీర్షిక చెప్పదు.

1987 నివేదిక తొలినాటి లాండ్‌శాట్ చిత్రాలను కంటితో చూసి, 10 లక్షల స్కేలులో గీసిన పటాల మీద ఆధారపడింది. ఆ స్కేలులో చిన్న చిన్న ఖాళీలు, కాలువలు అడవిలో కలిసిపోతాయి. 2001 నివేదిక నుంచి దేశమంతటికీ కంప్యూటరు ఆధారిత విశ్లేషణ, 50,000 స్కేలు అమలులోకి వచ్చినవి. అదే ఏడాది అంకె 397 నుంచి 333కు పడిపోయింది. రెండేళ్లలో 64 చదరపు కిలోమీటర్ల మడను ఎవరైనా నరికివేశారా, లేక కొత్త కళ్లద్దాలతో పాత అడవిని సరిగా చూశామా అనే ప్రశ్న వేయకుండా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టరాదు.

మరోవైపు పెరుగుదలకు వాస్తవమైన ఆధారాలూ ఉన్నవి. కోరింగ, కృష్ణా మడల్లో క్షీణించిన ప్రాంతాలకు ఆటుపోటు నీరు చేరేలా చేప ఎముక ఆకారంలో కాలువలు తవ్వి, మొక్కలు నాటే పద్ధతిని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామ సంఘాలు కలిసి అమలు చేసినవి. బోసిపోయిన బురద నేల కొన్నేళ్లకు ఎర్రని మచ్చగా మారడం ఉపగ్రహ చిత్రాల్లో గమనించదగినది. ఒకే సాధనం, ఒకే స్కేలు, ఒకే రుతువు చిత్రాలను పోల్చినప్పుడు ఇటువంటి ఫలితాలను ధైర్యంగా చెప్పవచ్చును.

తీరరేఖ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 1965 నుంచి 2008 వరకు పటాలు, ఉపగ్రహ చిత్రాలను పోల్చిన అధ్యయనం 336 కిలోమీటర్ల కృష్ణా, గోదావరి డెల్టా తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైనదని తేల్చింది. ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం ప్రధాన కారణమని పేర్కొంది. నాలుగు దశాబ్దాల పోలికలో ఆటుపోట్ల ప్రభావం స్వల్పమే. కానీ గత నెల చిత్రాన్ని ఈ నెల చిత్రంతో పోల్చి సముద్రం చొచ్చుకు వచ్చినదని ప్రకటిస్తే, ఒకటి పోటు వేళ తీసినది, మరొకటి ఆటు వేళ తీసినది కావచ్చును.

విస్తీర్ణం పెరిగితే చిత్తడి నేల బాగున్నట్లేనా?

జాతీయ అట్లాసుల ప్రకారం దేశంలో చిత్తడి నేలల మొత్తం విస్తీర్ణం 2006-07 చిత్రాల ఆధారంగా 152.6 లక్షల హెక్టార్లు, 2017-18 చిత్రాల ఆధారంగా 159.8 లక్షల హెక్టార్లు. పైకి ఇది శుభవార్త. అయితే అట్లాసులో సహజమైన సరస్సులు, మడలు, బురద మేటలతో పాటు జలాశయాలు, ఉప్పు మడులు, చేపల, రొయ్యల చెరువులు కూడా చిత్తడి నేలల తరగతులుగానే లెక్కలోకి వస్తాయి. ఒక పర్ర భూమిని రొయ్యల చెరువుగా మార్చితే మొత్తం విస్తీర్ణం తగ్గదు. వరి పొలాన్ని చేపల చెరువుగా మార్చితే మొత్తం పెరుగుతుంది కూడా.

చట్టం దృష్టి వేరు. 2017 సెప్టెంబరులో నోటిఫై అయిన చిత్తడి నేలల నిబంధనలు వరి పొలాలను, నదీ గర్భాలను, తాగునీటి కోసం కట్టిన చెరువులను, ఆక్వా సాగుకు, ఉప్పు తయారీకి, సేద్యానికి ప్రత్యేకంగా నిర్మించిన వాటిని తమ పరిధి నుంచి మినహాయించినవి. అటవీ, వన్యప్రాణి చట్టాల కిందికి, తీర నియంత్రణ మండలం కిందికి వచ్చేవి ఆయా చట్టాలకే లోబడతాయి. ఫలితంగా ఒకే గళ్ల నీటిని అట్లాసు చిత్తడి నేల అంటుంది, నిబంధన కాదంటుంది. సహజ సరస్సులో అక్రమంగా తవ్విన చెరువు ఆక్వా నిర్మాణం అనే పేరుతో మినహాయింపు పొందే ప్రమాదం ఇక్కడే పొంచి ఉన్నది. దానిని నివారించగలిగేది పాత చిత్రమే. చెరువు తవ్వక ముందు అక్కడ ఏమున్నదో 1988లో మొదలైన ఐ.ఆర్.ఎస్. చిత్రాలు, అంతకు ముందటి లాండ్‌శాట్ చిత్రాలు, సర్వే ఆఫ్ ఇండియా పటాలు చెప్పగలవు.

ప్రాంగణం పక్కనే ఒక ఉదాహరణ

ఈ సమస్య తీరానికే పరిమితం కాదనడానికి ఉస్మానియా ప్రాంగణానికి సమీపంలోని అంబర్‌పేట బతుకమ్మ కుంట నిదర్శనం. 1962-63 నాటి రికార్డుల ప్రకారం 14 ఎకరాలకు పైబడి ఉన్న ఈ కుంట కాలక్రమంలో పూడిపోయి సుమారు 5 ఎకరాలకు కుదించుకు పోయింది. నీరు లేని కారణంగా ఇటీవలి ఉపగ్రహ చిత్రంలో అది కుంటగా కనిపించే అవకాశమే లేదు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా దీని పునరుద్ధరణ చేపట్టగా, తవ్వకంలో నీరు ఉబికి వచ్చింది. 2025 సెప్టెంబరులో కుంట తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

చిత్రం ఒక్కటే ప్రమాణమైతే ఈ కుంట లేనట్లే లెక్క. పాత రికార్డు ఒక్కటే ప్రమాణమైతే దశాబ్దాలుగా అక్కడ ఏర్పడిన నివాసాల సంగతి తేలదు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పరచి చూసినప్పుడే మిగిలినదేమిటో, కాపాడగలిగినదేమిటో తెలిసింది. అంబర్‌పేటలో 14 ఎకరాలకు అవసరమైన ఈ శ్రమ, కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లకు అవసరం.

అడగవలసిన ప్రశ్నలు

ఉపగ్రహ చిత్రం ఆధారంగా వెలువడే ప్రకటనను స్వీకరించే అధికారులు, దానిని ప్రచురించే పాత్రికేయులు ఈ క్రింది అంశాలను పరిశీలించడం ప్రయోజనకరం.

1. చిత్రం ఏ తేదీది? వర్షాకాలం ముందుదా, తరువాతదా? తీరరేఖ విషయమైతే ఆటు వేళదా, పోటు వేళదా?

2. ఏ ఉపగ్రహం, ఏ సాధనం? ఒక చుక్క నేల మీద ఎన్ని మీటర్లు? 23.5 మీటర్ల చుక్కతో 10 సెంట్ల ఆక్రమణను నిరూపించజాలము.

3. పోల్చిన రెండు చిత్రాలకు సాధనం, స్కేలు, రుతువు ఒకటేనా? 50,000 స్కేలు పటం మీద అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 25 మీటర్లు.

4. చిత్తడి నేలకు వాడిన నిర్వచనం అట్లాసుదా, 2017 నిబంధనలదా, రాంసర్ ఒప్పందానిదా? మానవ నిర్మితమైన చెరువులు మొత్తంలో కలిసినవా, లేక వేరుగా చూపినారా?

5. హద్దు ఎత్తును బట్టి నిర్ణయించినదైతే ఆ ఎత్తును కొలిచిన పద్ధతి ఏది? లెవలింగ్ సర్వేయా, లేజరు సర్వేయా, ఉపగ్రహ నమూనాయా?

6. క్షేత్ర నిర్ధారణ ఎన్ని చోట్ల, ఎప్పుడు జరిగింది? గ్రామ పటం, సర్వే నంబర్లు, అడంగల్‌తో సరిచూశారా? ఆ గ్రామస్థులకు చూపించారా?

ఈ ఆరవ ప్రశ్న మిగిలిన వాటికంటే తక్కువగా అడుగుతున్నది. లంక గ్రామంలో వల వేసే మత్స్యకారునికి ఏ నెలలో నీరు ఎక్కడి వరకు వస్తుందో తెలుసు. ఆ నీటి గుర్తును పటం మీద పెట్టించడం వలన పటానికి బలం చేకూరుతుంది, గ్రామానికి పటం మీద నమ్మకం కలుగుతుంది. తన పొలం మీదుగా గీసిన గీత ఎక్కడి నుంచి వచ్చినదో తెలియని రైతు న్యాయస్థానానికి వెళ్లడం సహజం. వివాదం సాగినన్ని ఏళ్లు సరస్సు హద్దు తేలకుండా ఉండిపోవడమూ అంతే సహజం.

ముగింపు

పొరపాటు రెండు వైపులా నష్టం కలిగిస్తుంది. హద్దును లోపలికి జరిపితే వరద నీటికి చోటు పోతుంది, ఆ మూల్యాన్ని ఎగువ పట్టణాలు, దిగువ లంకలు చెల్లిస్తాయి. హద్దును ఆధారం లేకుండా వెలుపలికి జరిపితే చట్టబద్ధంగా భూమి పొందిన చిన్న రైతు నష్టపోతాడు. ఉపగ్రహ పరిజ్ఞానం ఈ రెండు నష్టాలను తగ్గించగలదు. అందుకు షాద్‌నగర్‌లో దిగిన చిత్రం బాలానగర్ పటంగా మారి అక్కడితో ఆగిపోరాదు. అది మండల కార్యాలయంలోని గ్రామ పటం మీద సర్వే నంబరుతో సహా నమోదు కావాలి, ఏటా సరిచూడాలి, గ్రామ సచివాలయంలో ప్రజలకు అందుబాటులో ఉండాలి.

సుప్రీంకోర్టు కోరిన క్షేత్ర నిర్ధారణకు ఇంతకు మించిన అర్థం లేదు. తీర జిల్లాల్లో ఈ పని చేయవలసినది కొత్త ఉపగ్రహం కాదు. సర్వేయరు, గ్రామ రెవెన్యూ అధికారి, అటవీ బీటు అధికారి, మత్స్యశాఖ సిబ్బంది ఒకే పటం పట్టుకొని, ఒకే రోజున, ఒకే గట్టు మీద నిలబడవలసి ఉన్నది.